ఏ పనీ చేయలేదని వేలిముద్ర

మొన్న ఒక మధ్యాహ్నం మా చిన్నల్లుడు వసారాలో గోడకానుకుని కూర్చుని, ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకుని ఏదో నింపుతున్నాడు. అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి మూడు నెలలైంది. ఉద్యోగం పోయినవాళ్లకు ప్రభుత్వమిచ్చే భత్యం ఆగకుండా రావాలంటే ఎప్పటికప్పుడు ఫోనులో ఒక ఫారం నింపి పంపుతూ ఉండాలట. అందులో ఒక ప్రశ్న దగ్గర అతని వేలు ఆగిపోయింది. ఈ మధ్యకాలంలో మీరు ఏదైనా పని చేశారా అన్నది ఆ ప్రశ్న. వాళ్ల చిన్నాన్న టమాటా తోటలో రెండు రోజులు గంపలు మోశాడు, పైసా తీసుకోలేదు, మరి అది పని కిందికి వస్తుందా రాదా అని నన్నడిగాడు.

ఊళ్లో ఎవరేమడిగినా అందరికంటే ముందు జవాబు చెప్పే మనిషినని నాకు పేరు. ఆ జవాబులో మూడొంతులు తీసేసి మిగిలింది మాత్రమే నమ్మండని మా ఇంటావిడ ఇంటికొచ్చిన చుట్టాలకు కాఫీతో పాటు చెబుతూ ఉంటుంది. అటువంటి నేను ఆ పూట లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఎందుకంటే ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన సంవత్సరం, శుక్రవారం శుక్రవారం, అదే ప్రశ్నకు నేను జవాబు రాశాను. నాకు నేను రాసుకోవడమే కాదు, చదువురాని మనవాళ్లు ఓ యాభై మందికి రాసిపెట్టాను.

అప్పుడు నాకు ఇరవయ్యొక్క ఏళ్లు. మా బావ పంపిన వీసా మీద కడప నుంచి వెళ్లి, అక్కడ దజీజ్ అనే పేటలో ఒక గోడౌన్‌లో టైల్సు పెట్టెలు దించే పనిలో ఉన్నాను. సైన్యం వచ్చిన గురువారం తెల్లవారి పనికి వెళ్లబోతూ రోడ్డు మీదికి వస్తే ట్యాంకులు కనిపించాయి. అందులో ఒకదానికి చెయ్యెత్తి లిఫ్టు అడిగానని పదిచోట్ల చెప్పాను గానీ, ఇక్కడ చెప్పను. నిజానికి వెనక్కి తిరిగి గదిలోకి పరుగెత్తి తలుపు గడియ పెట్టుకుని, పక్కింటివాళ్ల రేడియో వినడానికి గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. రెండు వారాల్లో మా గోడౌన్ ఖాళీ అయింది. సైనికులు టైల్సే కాదు, పెట్టెల్లో ఉన్న మరుగుదొడ్డి బేసిన్లు కూడా లారీలకెక్కించుకుపోయారు. ఎండాకాలం గడపడానికి కుటుంబంతో విదేశం వెళ్లిన మా కఫీల్, అంటే వీసాకు పూచీ ఉన్న యజమాని, ఇక తిరిగి రాలేదు. పని ఖలాస్. జీతం ఖలాస్. అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు జేబులో ఉంది గానీ దాన్ని చూసి లెక్కచేసేవాళ్లు లేరు.

ఆకలి సంగతి మీకు వేరే చెప్పాలా. ఆకలికంటే ముందు మనిషిని కుంగదీసేది ఆ ఖాళీతనం. ఫర్వానియాలో ఆరుగురం ఉండే గదిలో పొద్దున లేచి ఎవరి పరుపు మీద వాళ్లం కూర్చునేవాళ్లం, మధ్యాహ్నానికి అటు తిరిగి కూర్చునేవాళ్లం. ఎండకు గోడలు సెగలు కక్కేవి. ఆదివారానికీ బుధవారానికీ తేడా పోయింది. ఒక్క శుక్రవారం మాత్రం మిగిలింది, ఎందుకంటే శుక్రవారం ఫారం ఉండేది.

మనవాళ్లు కొందరు పెద్దమనుషులు కలిసి ఒక మూతపడిన బడిలో బెంచీలు వేసుకుని ఒక కమిటీగా కూర్చున్నారు. ఉన్నవాళ్ల దగ్గర బియ్యం, పప్పు, నూనె పోగుచేసి లేనివాళ్లకు పంచడం ఒక పని. ఇంటికి పోవాలనుకునేవాళ్ల పేర్లు రాసుకుని, బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దాకా వెళ్లే బస్సులకు వరసలో పిలవడం రెండో పని. అక్కడి నుంచి బొంబాయికి విమానం. మొదట్లో నమ్మకం మీదే నడిచింది. కానీ ఊరు వదిలి వెళ్లిపోయినవాళ్ల పేరు మీద మిగిలినవాళ్లు బియ్యం తెచ్చుకుంటున్నారని, బస్సుకు పిలిచినవాళ్లు రాక సీట్లు ఖాళీగా పోతున్నాయని తేలాక, ప్రతి శుక్రవారం మనిషి స్వయంగా వచ్చి ఒక ఫారం ఇవ్వాలన్నారు. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను, ఈ వారం ఏ పనీ చేయలేదు, ఏ యజమానీ నాకు తిండి పెట్టలేదు అని మూడు మాటలు, కింద సంతకమో వేలిముద్రో. అలా ఇస్తేనే వారం బియ్యం, అలా ఇస్తేనే మొదటి రిజిస్టరులో మన వరస మన దగ్గర ఉంటుంది. ఒక్క శుక్రవారం తప్పితే పేరు అడుక్కి పోతుంది. యజమాని ఇంట్లో నీడా తిండీ ఉన్నవాళ్లది రెండో రిజిస్టరు. మొదటిది అయిపోయాక గానీ దాన్ని తెరవరు. తన వంతు వచ్చినవాడు కావాలంటే దాన్ని ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు, ఫారం వెనక ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే చాలు. ఒక అన్న తన తమ్ముడికి అలా ఇవ్వడం నేను కళ్లారా చూశాను.

పని లేకపోవడం ఒక అలసట. పని లేదని వారం వారం ఎండలో నాలుగు గంటలు నిలబడి రాసివ్వడం అంతకు రెండింతల అలసట. మనిషి పనిచేసి అలిసిపోతే నిద్ర పడుతుంది, ఏమీ చేయలేదని నిరూపించుకుని అలిసిపోతే అదీ పట్టదు. బడి గోడ నీడ ఎటు జరిగితే మా వరసా అటు జరిగేది. నాకు ఇంటర్ దాకా చదువుంది, చేతిరాత ముత్యాల్లా ఉండకపోయినా గీతల మీద నిలబడేది, అందుకని వరసలో నా ముందువాళ్లూ వెనకవాళ్లూ ఫారాలు నాకే ఇచ్చేవాళ్లు. ఒక్కో ఫారానికి ఒక సిగరెట్టు, లేదా పంచదార లేని సగం గ్లాసు టీ. మూడు మాటలే రాయాల్సిన చోట, కింద ఇతర వివరాలు అని ఒక ఖాళీ గీత ఉండేది. ఆ గీత నన్ను ఊరికే ఉండనివ్వలేదు.

ఆ గీత మీద నేను కథలు రాశాను. బిత్తరపోయి కూర్చున్న ఒకాయనకు నాలుగు రోజులు ఒకే ఖుబ్బూస్ రొట్టె ముక్క తడిపి తిన్నాడని రాశాను. ఇంకొకాయన నిద్రపోతుండగా సైనికులు ఆయన కింది నుంచి పరుపు లాగేసుకుపోయారని, ఆయన నేల మీద పడ్డాక గానీ మెలకువ రాలేదని రాశాను. వాళ్లకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. బల్ల దగ్గర కూర్చునే మాస్టారు చదివి జాలిపడి వరసలో కాస్త ముందుకు జరుపుతాడని నా ఆశ. ఆ మాస్టారు గోదావరి వైపు మనిషి, ఒక కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం పోయి ఇక్కడ ఉచితంగా రాస్తున్నాడు, సన్నగా, కళ్లద్దాల వెనక ఎప్పుడూ నిద్ర చాలనట్టుగా ఉండేవాడు. మూడో వారం నా వంతు వచ్చినప్పుడు, నా ముందాయన ఇచ్చిన ఫారం ఇంకా చేతిలో పట్టుకుని, మాస్టారు తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆ పరుపు పోయిన వారం ఇంకొకాయన కింద ఉందయ్యా. ఈ వారం ఈయన కిందికి ఎలా వచ్చిందంటావ్?"

వెనక నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారు నవ్వలేదు. ఆ సాయంత్రమే కమిటీ వాళ్లు కూర్చుని, ఇకపై చదువురానివాళ్ల ఫారం ఎవరు నింపినా సరే, వేలిముద్ర వేసే ముందు బల్ల దగ్గర గట్టిగా చదివి వినిపించాలని తీర్మానించారు. తన పేరు మీద ఏం రాశారో మనిషికి తెలియాలి కదా అన్నారట. ఆ మాట న్యాయమే. దానికి కారణం మాత్రం నా పరుపు.

ఆ వరసలో మా వైపు నుంచి ఒక అక్క వచ్చేది. మా అమ్మ పుట్టింటి ఊరే ఆమెది, అంతకుమించి రక్తసంబంధం ఏమీ లేదు గానీ పరాయి దేశంలో అదే ఎక్కువ. రాబియాలో ఒక ఇంట్లో పని. ఇంటివాళ్లు సెలవులకని బయటి దేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు, ఇంట్లో మిగిలింది మంచం పట్టిన ముసలి మామా, అంటే ఆ ఇంటి పెద్దావిడ, ఆమెను చూసుకోవడానికి మా అక్క. ఊళ్లో ఆమెకు అయిదేళ్ల పాప. పాప రెండో ఏట వదిలి వచ్చింది. మూడేళ్లుగా అక్కవాళ్ల అత్త ఎవరిచేతో రాయించే ఉత్తరాల్లో, చివర పాప చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి పంపేవాళ్లు. ఉత్తరం ఉత్తరానికీ ఆ చెయ్యి పెద్దదవుతూ వచ్చింది. ఆ కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకునేది మా అక్క. ఇక్కడి నుంచి ఎలాగైనా పోవాలి, పాపను చూడాలి, అంతకుమించి ఆమె నోట వేరే మాట ఉండేది కాదు. ముసలామె సంగతేమిటని అడిగితే, కూతురు ఒకామె సౌదీ సరిహద్దు వైపు ఉందని, అక్కకు బస్సు పిలుపు వచ్చేలోగా వచ్చి తల్లిని తీసుకుపోతానని ఎవరితోనో కబురు పెట్టిందని చెప్పింది. శుక్రవారం పొద్దున్నే ముసలామెను కడిగి, గంజి తాగించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలుపుకు బయట తాళం వేసి, రెండు మైళ్లు నడిచి వచ్చి వరసలో నిలబడేది. మధ్యలో పదిసార్లు తాళంచెవి తడిమి చూసుకునేది.

ఆమె ఫారం నేనే నింపేవాణ్ని, సిగరెట్టు లేకుండా. అందరికీ రాసినట్టే పని లేదు, తిండి లేదు అని రాసేశాను. ఏం రాశావని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అలా మూడు శుక్రవారాలు గడిచాయి. మొదటి రిజిస్టరులో ఆమె పేరు నా పేరుకు నాలుగు పేర్లు ముందుంది. మరుసటి వారం బస్సుల్లో ఇద్దరికీ పిలుపు రావచ్చని అందరూ అనుకుంటున్నారు.

నాలుగో శుక్రవారం మాస్టారు ఆమె ఫారం తీసుకుని, స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపి, గట్టిగా చదివాడు. నేను ఇంకా ఇక్కడే ఉన్నాను. ఆమె తల ఊపింది, బొటనవేలికి సిరా అద్దుకుంది. ఈ వారం నేను ఏ పనీ చేయలేదు. కాగితం మీదికి వచ్చిన ఆ వేలు గాల్లో ఆగింది.

"పని చేస్తానే ఉండా కద సారూ," అంది.

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. జీతం ఎవరిస్తున్నారమ్మా అని మెల్లగా అడిగాడు. జీతం మూడు నెలల నుంచి లేదంది. మరి జీతం లేనప్పుడు అది ఉద్యోగం కిందికి రాదు కదా అని ఆయనే దారి చూపించాడు, వేలు పెట్టెయ్యమని చెప్పినంత పని చేశాడు. వెనక నుంచి నేను కూడా, పెట్టక్కా, ఊరికే రాతకోతలు అవి అన్నాను. ఆమె నా వైపు తిరగలేదు.

"జీతం ల్యాకపోతే ల్యాకపాయ. పొద్దున్నుంచి ఆయమ్మను ఎత్తేది, కడిగేది, పుండ్లకు మందు పూసేది ఎవురు మరి? నేను జేయలేదని ముద్ర ఏస్తే ఆయమ్మకు ఎవురూ జేయనట్టే కద. అట్ల రాయొద్దు సారూ. వాళ్లింట్లో బియ్యమే తింటాండా, అదీ రాయండి."

అంత పొడుగు మాట ఆమె అంతకుముందు మాట్లాడగా నేను వినలేదు. ఇలా రాస్తే నీ పేరు రెండో రిజిస్టరులోకి పోతుందమ్మా అన్నాడు మాస్టారు. దాన్ని ఎన్నాళ్లకు పిలుస్తారని అడిగింది. చెప్పలేనమ్మా అన్నాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని కొద్దిసేపు నిలబడింది. ఆ కొద్దిసేపట్లో మూడేళ్ల చేతుల కాగితాలు ఆమె కళ్ల ముందు ఎలా తిరిగాయో నాకు తెలియదు, ఊహించి రాయను. తర్వాత, రాయండి సారూ అంది. మాస్టారు నా రాతను ఒక్క గీతతో కొట్టేసి, పక్కన తన చేత్తో ఉన్నది రాసి, మళ్లీ చదివి వినిపించాడు. అప్పుడు వేలు పెట్టింది, గట్టిగా, సిరా పక్కలకు చిమ్మేంతగా.

తర్వాత నా వంతు. నా ఫారం నాకు చదివి వినిపించాల్సిన పని లేదు, నేను చదువుకున్నవాణ్ని. ఈ వారం ఏ పనీ చేయలేదన్న మాట కింద నేను సంతకం పెట్టి ఇచ్చాను. పై జేబులో పద్దెనిమిది సిగరెట్లు ఉన్నాయి, ఆ పొద్దున రాసిన పద్దెనిమిది ఫారాలకు వచ్చినవి. మాస్టారు ఆ జేబు వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు, నా పేరు పక్కన టిక్కు పెట్టాడు.

బయట ఆమె చేతివేలి సిరాను గోడకు రుద్దుకుంటూ ఉంది. నా మీద కోపగిస్తుందనుకున్నాను. ఇన్నాళ్లూ అదే రాసినావా అబ్బీ అని మాత్రం అడిగింది. అదేనన్నాను. మంచికే రాసింటావులే అని, పైట తల మీదికి లాక్కుని, ఎండలో రాబియా వైపు నడిచి వెళ్లిపోయింది. తాళంచెవి చేతిలోనే ఉంది.

మరుసటి శుక్రవారం బస్సుకు పిలిచినవాళ్లలో మా బావ పేరు, నా పేరు ఉన్నాయి. అప్పటికి ఆరు రోజులుగా నేను రాత్రీ పగలూ ఒకటే ఆలోచిస్తూ ఉన్నాను. ఫారం వెనక ఒక్క వాక్యం. నా వంతు ఫలానా ఆమెకు ఇస్తున్నాను, సంతకం. యాభై మంది ఫారాల మీద లేని ఖుబ్బూస్‌లు, లేని పరుపులు రాసినవాణ్ని. ఆ ఒక్క వాక్యం మాత్రం రాయడానికి చెయ్యి రాలేదు. ఆమె ఎలాగూ ముసలామెను వదిలి రాదులే అనుకున్నాను. ఆ కూతురు వస్తుందో రాదో అనుకున్నాను. ఒకవేళ వస్తే అప్పుడు చూద్దాం అనుకున్నాను. రాబియాకు వెళ్లి ఆ తలుపు తట్టి అడిగి ఉంటే తేలిపోయేది, అరగంట నడక. వెళ్లలేదు. ఆ శుక్రవారం ఆమె వరసలో దూరంగా కనిపిస్తే స్తంభం చాటుకు తప్పుకున్నాను.

బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నేను వెనక్కి చూస్తూ ఉంటే మా బావ వీపు మీద చెయ్యి వేశాడు.

"యల్లా, ఎక్కరా. అడ్డంగా నిలబడొద్దు," అన్నాడు.

ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఎడారిలో రెండు రోజులు, జోర్డాన్ గుడారాల్లో పదకొండు రోజులు, ఆ పైన విమానం. ఆ ప్రయాణం గురించి నేను చెప్పిన కథలు రాస్తే పెద్ద పుస్తకమవుతుంది, అందులో ఇసుక తుపాను ఒకటుంది, నేను డ్రైవరు లేకుండా బస్సు నడిపిన ఘట్టం ఒకటుంది. నిజం చెప్పాలంటే దారి పొడుగునా నిద్రపోయాను. నా జన్మలో అంత నిద్ర ఎప్పుడూ పోలేదు.

రెండో రిజిస్టరు వంతు రాలేదు. అది తెరిచేలోగా బస్సులు ఆగిపోయాయి, ఆ పైన యుద్ధం. సరిహద్దు వైపున్న కూతురు రాలేకపోయింది. మా అక్క ఆ చలికాలమంతా, బాంబుల మోతలో, చమురు బావుల పొగ ఊరిని కమ్మిన రోజుల్లో, ఆ ముసలి మామాతోనే ఆ ఇంట్లో ఉండిపోయింది. మరుసటి ఏడాది ఎండాకాలంలో ఇంటికొచ్చిందని విన్నాను. అప్పటికి పాపకు ఆరేళ్లు నిండి ఏడో ఏడు నడుస్తోంది. తల్లిని చూసి నాయనమ్మ వెనక్కి పోయి దాక్కుందట, దగ్గరికి రావడానికి రెండు నెలలు పట్టిందట. నేను వెళ్లి చూడలేదు.

ఈలోగా ఊళ్లో అడిగినవాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి కదా. పాపం ఆ అక్క ఎలా చిక్కుకుపోయిందని అడిగేవాళ్లు. నా సీటు నీకిస్తానక్కా అని కాళ్లావేళ్లా పడ్డాను, ముసలామెను వదిలి రానని తనే వద్దంది అని చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు నాలుక తడబడింది. పదోసారికి ఆమె మాటలు, నా మాటలు, కళ్లల్లో నీళ్లు అన్నీ సరిగ్గా అమరాయి. ఇరవయ్యోసారికి నేనే నమ్మాను. ట్యాంకు కథ విని నవ్వేవాళ్లు కూడా ఇది విని తల ఊపేవాళ్లు.

ఏళ్ల తర్వాత మేమిద్దరం మళ్లీ కువైట్‌లోనే కలిశాం. నేను ఒక సూపర్ మార్కెట్ స్టోరులో చేరాను, ఆమె ముబారక్ అల్ కబీర్‌లో ఆ ముసలామె మనవరాలి దగ్గర పనిచేస్తూ ఉంది. ముసలి మామా యుద్ధం తర్వాత ఇంకో రెండేళ్లు బతికి కన్నుమూసిందని చెప్పింది. బస్‌స్టాప్ బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె జుట్టు సగం నెరిసింది. పాప పెళ్లి సంగతి, మోకాళ్ల నొప్పి సంగతి మాట్లాడి, తన బస్సు దూరాన కనిపిస్తుండగా సంచీ చేతికి తీసుకుంటూ అంది.

"నువ్వు సీటిస్తానంటే నేనే వద్దన్నానంట కద. మా అత్త జెప్పింది."

నేను లేచి, వస్తున్న ఆమె బస్సుకు చెయ్యెత్తాను.

"అడిగింటే వద్దనుండేదాన్నే అబ్బీ. అయినా అడగాల్సింది," అంది. కోపంగా కాదు, మర్చిపోయిన సరుకు ఏదో గుర్తుచేసినట్టుగా. బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది కూడా.

ఆ తర్వాత ఆ సీటు కథను నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్నా ఇప్పుడు అడిగేవాళ్లు తక్కువ. ఆ బడి ఉన్న చోట ఏముందో తెలియదు, మాస్టారు ఏ ఊరు చేరాడో తెలియదు, మా బావ పోయి ఆరేళ్లయింది. కొత్తగా కువైట్‌కు వెళ్లి వచ్చే పిల్లలకు ఎగైలా మాల్స్ తెలుసు, ఫోనులో డబ్బు పంపడం తెలుసు, ఆ శుక్రవారాలు తెలియవు. ఒకప్పుడు నేనొక మాట పెంచి చెబితే, అట్ల కాదులేరా, నేనూ ఉన్నానక్కడ అని ఎవరో ఒకరు అడ్డుపడేవారు, ఆ వాదులాటలోనే నాకు ఆనందం ఉండేది. ఇప్పుడు ట్యాంకు ఎక్కానన్నా నమ్ముతారు, బస్సు నడిపానన్నా నమ్ముతారు. కాదనే మనిషి ఒక్కడూ మిగలనప్పుడు అబద్ధం ఆడటం కూడా పెద్ద బరువైన పని అనిపిస్తోంది, అందుకే ఈమధ్య ఎవరేమడిగినా ముందు లేచి మంచినీళ్లు తాగి వస్తున్నాను. ఆ మధ్యాహ్నం కూడా అలా వచ్చాకే, మోసిన గంపలు మోసినట్టే రాయమని అల్లుడికి చెప్పాను.